ఆక్సిజన్‌తో ఇంటికొస్తున్న పాప: పుట్టింటికా, బెంగళూరులోనేనా?

మారతహళ్లి నాన్న:
నమస్కారం అండి. మా పాప 27 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 900 గ్రాములు. ఇన్నాళ్లూ ఎన్‌ఐసీయూలోనే (పసికందుల ఐసీయూ) ఉంది. ఇప్పుడు రెండు కేజీలు దాటింది, వచ్చే వారం డిశ్చార్జ్ అంటున్నారు. కాకపోతే ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఇంట్లో కొన్నాళ్లు ఆక్సిజన్ పెట్టాలట. ముక్కు దగ్గర సన్న గొట్టం, నిమిషానికి పావు లీటరు. పాలు కొంత రొమ్ము దగ్గర, కొంత ఉగ్గుగిన్నెతో. కంటి పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి.

మా అత్తగారిది మదనపల్లె. తొలి కాన్పు కదా, తల్లీబిడ్డా తమ ఇంటికే రావాలని వాళ్ల పట్టు. ఆ ఊరి గాలి మంచిదనే ఆరోగ్యవరంలో వందేళ్ల కిందట క్షయ ఆసుపత్రి కట్టారని మా మామగారు గుర్తు చేస్తున్నారు. నాకేమో ఇక్కడే ఫ్లాట్‌లో హోం నర్సును పెట్టుకుని ఉండటం మేలనిపిస్తోంది. ఆసుపత్రి అరగంట దూరం, ట్రాఫిక్ లేకపోతే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. గొడవ పడకుండా.

కడప ఆడపడుచు:
గొడవ పడకుండా కష్టం బ్రదర్, మీ మాట నేను ఒప్పుకోను కాబట్టి. మా బాబు 30 వారాలకు పుట్టాడు. వైట్‌ఫీల్డ్‌లో మేమిద్దరమే. మా ఆయన ఇంట్లోనే ఉంటాడు గానీ పొద్దున్నుంచీ కాల్స్. రెండు గంటలకోసారి పాలు. ప్రతిసారీ ముందు పంపుతో పాలు తీయడం, తర్వాత గిన్నెలు మరగబెట్టడం, చివరికి తాగించడం. తాగించడానికే ముప్పావు గంట. అది ముగించి నడుం వాల్చేలోపు మళ్లీ టైం అయ్యేది. నిద్ర లేక నాకు పాలు తగ్గిపోయాయి, దానికి మళ్లీ ఏడుపు. చివరికి మా అమ్మ దగ్గరికి వెళ్లాక మనిషినయ్యాను. రాత్రి సగం ఆమె మేలుకునేది, సగం నేను.

ఇంకోటి, ఊళ్లో ఆశా వర్కర్ ఇంటికొచ్చి బరువు, ఒళ్లు చల్లబడిందా అని చూసి పోయేది. ఇక్కడి గేటెడ్ సొసైటీలో ఆమెను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. డాక్టర్లు డిశ్చార్జ్ కాగితంలో బిడ్డ గురించి ఆరు పేజీలు రాస్తారు, తల్లి గురించి ఒక్క లైన్ రాయరు.

రాత్రి డ్యూటీ:
నేను అనంతపురం మనిషిని. బెంగళూరులోనే ఎన్‌ఐసీయూ నర్సుగా చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. కడప అక్క చెప్పిన నిద్ర సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయినా నా ఓటు ప్రస్తుతానికి బెంగళూరుకే.

దానికి మొదటి కారణం కళ్లు. ఇంత ముందు పుట్టిన పిల్లలకు రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, రక్తనాళాలు పూర్తిగా ఏర్పడి ఉండవు. బయటికొచ్చాక అవి వంకరగా పెరిగితే రెటీనా ఊడిపోయి చూపు పోవచ్చు. మన దేశంలో 34 వారాల లోపు, లేదా రెండు కేజీల లోపు పుట్టిన పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలంటారు, మొదలుపెట్టేది పుట్టిన నెల లోపే. ఒకసారి చూపిస్తే సరిపోదు. రక్తనాళాలు పూర్తయ్యాయని కంటి డాక్టర్ చెప్పేదాకా వారానికో రెండు వారాలకో చూపిస్తూనే ఉండాలి. ముదిరిందని తేలితే లేజరో ఇంజెక్షనో రెండు మూడు రోజుల్లో పడాలి. 'పండగ అయ్యాక వస్తాం' అని వెళ్లి, వచ్చేసరికి ఆలస్యమైన కుటుంబాలను చూశాను. పాప చూడటానికి బాగానే ఉంటుంది, బయటికి ఏ లక్షణమూ కనిపించదు. అందుకే భయం.

రెండోది ప్రయాణం. హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె సుమారు 120 కిలోమీటర్లు. ఇలాంటి పిల్లలను కార్లో కూర్చున్న భంగిమలో ఎక్కువసేపు ఉంచితే తల ముందుకు వాలి శ్వాస ఆడక ఆక్సిజన్ పడిపోతుంది. తప్పదనుకుంటే పక్కన ఒకరు పాప ముఖమే చూస్తూ కూర్చోవాలి, మధ్యలో ఆపుతూ వెళ్లాలి.

ఇక ఆరోగ్యవరం మాట. క్షయకు మందులు లేని రోజుల్లో మంచి గాలి, ఎండ, తిండి తప్ప వేరే దారి లేక అలాంటి ఆసుపత్రులు కట్టారు. మీ పాపకు కావాల్సింది గాలి మార్పు కాదు. జలుబు లేని ఇల్లు, పొగ లేని గది, బరువు పెరగడం. కొత్త ఊపిరితిత్తి బరువుతో పాటే పెరుగుతుంది.

పీలేరు తాత:
అమ్మాయ్, నర్సువి కాబట్టి అన్నీ తెలుసు, సరే. మా ఇంట్లో ఏడో నెల బిడ్డను దూదిలో పెట్టి పెంచినాం. ఇప్పుడు వాడు లారీలు తోలుతాడు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలదే కష్టం అని పెద్దలు ఊరికే అన్నారా? పిల్లకు నూనె పట్టించి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి వేస్తే ఆ కళే వేరు. మదనపల్లెలో డాక్టర్లు లేరనుకుంటున్నారా మీరు?

రాత్రి డ్యూటీ:
తాతగారూ, మదనపల్లెలో మంచి డాక్టర్లు ఉన్నారు, ఆ మాట నేను కాదనలేదు. ఏడో నెల మాట మాత్రం తిరగేసి చెప్పాలి. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు లాభమే, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్నా అవకాశం ఎక్కువ. మీ లారీ డ్రైవరు నిండు నూరేళ్లు బతకాలి. ఆ రోజుల్లో దూదిలో పెట్టినా దక్కని పిల్లల గురించి మాత్రం ఎవరూ కథలు చెప్పుకోలేదు.

సాంబ్రాణి విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. ఆక్సిజన్ నడిచే గదిలో నిప్పు ఉండకూడదు. దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, బొగ్గుల కుంపటి, ఏదీ వద్దు. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, చిన్న నిప్పురవ్వను క్షణంలో మంటగా మారుస్తుంది. దానికి తోడు పొగ ఆ ఊపిరితిత్తులకు విషం. నూనె కాళ్లకూ చేతులకూ డాక్టర్ సరేనంటే పట్టించండి. ముఖానికి, గొట్టం దగ్గర మాత్రం వద్దు. ముక్కులో చెవిలో చుక్కలు అసలే వద్దు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

పీలేరు తాత:
నిప్పు మాట ఒప్పుకున్నా. మిగతావి ఒప్పుకోలా.

హూడి ఇంజనీరు:
వైద్యం నాకు తెలియదు, కరెంటు తెలుసు. మా అన్న కొడుకు కోసం ఈ ఏర్పాటంతా చేశాను. కాన్సంట్రేటర్ గదిలో గాలినే వడకట్టి ఇస్తుంది, కరెంటు పోతే ఆగిపోతుంది. ఐదు లీటర్ల మెషిన్ సుమారు 350 వాట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ దాన్ని మోస్తుంది కానీ ఎన్ని గంటలో ముందే ఆడించి చూసుకోండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ ఫ్లాట్లకు ఇస్తుందా, లిఫ్టుకూ కారిడార్‌కే ఇస్తుందా కనుక్కోండి.

సిలిండర్ ఎటూ ఉండాల్సిందే. బి టైప్ సిలిండర్‌లో నిండుగా సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. పావు లీటరు చొప్పున కాగితం మీద నూరు గంటలు. లీకేజీ, సగం నింపి ఇచ్చే దుకాణాలు లెక్కేసుకుని సగమే నమ్మండి. అందరూ మరిచిపోయేది ఫ్లోమీటర్, నిమిషానికి ఎంత ఆక్సిజన్ వెళ్తోందో చూపించేది. మామూలు దాంట్లో పావు లీటరు గీత సరిగ్గా కనబడదు. పిల్లలది విడిగా అడగాలి.

ఇవన్నీ మదనపల్లెలోనూ పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి సిలిండర్ మార్చేవాడు దొరుకుతాడా అన్నదే ప్రశ్న. ఆ మాటకొస్తే మా హూడిలో కూడా దొరకలేదు, మేమే నేర్చుకున్నాం.

కడప ఆడపడుచు:
కళ్ల విషయంలో రాత్రి డ్యూటీ గారితో వాదించను. కానీ కర్ణాటకలో 2008 నుంచి టెక్నీషియన్లు కెమెరాతో జిల్లాలకు వెళ్లి పిల్లల కంటి ఫోటోలు తీసి బెంగళూరు డాక్టర్లకు పంపుతున్నారు కదా, కిడ్రాప్ అని. దూరం అంత పెద్ద అడ్డు కాదేమో?

అసలు నా కోపం హోం నర్సు మీద. మాకొక ఏజెన్సీ నర్సు అని చెప్పి పంపిన అమ్మాయి కొన్ని నెలల ట్రైనింగ్ అయిన అటెండర్. ఉగ్గుగిన్నెతో గబగబా పోసేసింది, పిల్లాడికి పొరబోయి నీలంగా అయ్యాడు. మళ్లీ అడ్మిట్. ఆ అమ్మాయిని అనను, ఆ పని ఆమెకు నేర్పినవాళ్లే లేరు.

రాత్రి డ్యూటీ:
కిడ్రాప్ మంచి పని. కానీ మదనపల్లె కర్ణాటకలో లేదు అక్కా. అటు వెళ్తే ఈ పరీక్ష ఎవరు, ఏ రోజు చేస్తారో పేరు, తేదీతో సహా ఖాయం చేసుకునే బయల్దేరాలి.

హోం నర్సు మాట నిజం. నర్సింగ్ కోర్సుల్లో జీఎన్‌ఎం అంటే మూడేళ్ల చదువు, ఏఎన్‌ఎం రెండేళ్లు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడగండి, ఎన్‌ఐసీయూలో ఎక్కడ చేశారో అడగండి. నసిగితే వద్దు. ఎవరిని పెట్టినా డిశ్చార్జికి ముందు రెండు రోజులు అమ్మా నాన్నా ఇద్దరూ వార్డులోనే పాలు పట్టడం, గొట్టం మార్చడం, శ్వాస ఆగితే ఏం చేయాలన్నది చేతులతో చేసి చూపించాలి. సిస్టర్లను విసిగించండి, ఫర్వాలేదు. ఇరవై సెకన్లు శ్వాస ఆగినా, పెదాలు నీలమైనా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా గూగుల్ చేయకండి. 108.

మదనపల్లె అమ్మాయి:
ఈ ప్రశ్న అడిగింది మా ఆయన. స్నేహితురాలు లింకు పంపితే చూశాను. ఇంతమంది మాట్లాడారు, పాప తల్లి ఏమంటోందని ఒక్కరూ అడగలేదు. కడప అక్క మాత్రం నా నిద్ర గురించి మాట్లాడింది, థాంక్స్ అక్కా.

నాక్కావాల్సింది మదనపల్లె కాదు, మా అమ్మ. ఆమె ఇక్కడికి రాలేదు, నాన్నకు షుగర్, ఇన్సులిన్ ఆమే వేయాలి. ఒంగోలు నుంచి మా అత్తగారు వస్తానన్నారు. తొలి కాన్పు పుట్టింటివాళ్ల బాధ్యత అని ఆమెను రావద్దన్నది మా ఆయనే. నర్సును పెడితే తాను ఆఫీసు పని చేసుకోవచ్చని ఆయన లెక్క. రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా పాపను ఆయన చూసుకుంటే నాకు ఏ ఊరైనా ఒకటే. పాపను గుండెలకు ఆనించుకుని పడుకోబెట్టడం వార్డులో ఆయనకూ నేర్పారు. బాగా చేస్తారు కూడా.

రాత్రి డ్యూటీ:
అమ్మా, మీరే ముందు రాయాల్సింది. మీ అత్తగారిని రమ్మనండి. జలుబు ఉంటే మాత్రం తగ్గాకే. ఫ్లూ టీకా వేయించుకుని వస్తే ఇంకా మంచిది. కంటి డాక్టర్ 'ఇక చాలు' అన్నాక, ఆక్సిజన్ తగ్గుతుంటే అప్పుడు మదనపల్లె వెళ్లండి, అక్కడి పిల్లల డాక్టర్‌కు డిశ్చార్జ్ కాగితాలు ముందే పంపి. టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, నెల తక్కువని ఆపకండి. బోర్లా పడటం, కూర్చోవడం మాత్రం అసలు డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టుకోండి, లేకపోతే చూడవచ్చిన వాళ్లందరూ 'ఇంకా బోర్లా పడలేదా' అని మిమ్మల్ని చంపేస్తారు.

ఆఫీసు విషయం కూడా. ప్రసూతి సెలవు 26 వారాలు కాక, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కారణంగా తల్లికి అనారోగ్యం అయితే ఇంకో నెల దాకా జీతంతో సెలవు చట్టంలో ఉంది. హెచ్‌ఆర్ వాళ్లు తమంతట తాము చెప్పరు. రాతపూర్వకంగా అడగండి.

కడప ఆడపడుచు:
నేనింకా పుట్టిల్లే అంటాను. అత్తగారి ముందు ఏడవలేం, అమ్మ ముందు ఏడవచ్చు. కానీ నీ ఇల్లు, నీ బిడ్డ. నువ్వు అడిగిన ఆ నాలుగు గంటలు మాత్రం వదలకు చెల్లీ.

మారతహళ్లి నాన్న:
ఒంటిగంట నుంచి ఐదు నాది. అమ్మకు ఫోన్ చేశాను, ఆదివారం బయల్దేరుతోంది. మామగారికి ఇంకా చెప్పలేదు. హూడి ఇంజనీరు గారూ, ఆ ఫ్లోమీటర్ ఎక్కడ దొరుకుతుంది? కాన్సంట్రేటర్ అద్దెకిచ్చేవాడు మామూలుదే చాలంటున్నాడు.

హూడి ఇంజనీరు:
చాలదు. డిశ్చార్జ్ రోజున కొనకండి, ఇప్పుడే తెప్పించండి. వార్డుకు పట్టుకెళ్లి, పాపను వాళ్ల ఆక్సిజన్ నుంచి మీ మెషిన్ మీదికి మార్చి, ఒక రాత్రంతా ఆక్సిమీటర్ అంకె ఎలా ఉందో సిస్టర్ల ఎదుటే చూడండి. తేడా వస్తే అద్దెవాడితో పేచీ అక్కడి నుంచే పెట్టుకోవచ్చు.