ఏసీలో బూజు: కడిగించినా వాసన మళ్లీ ఎందుకు వస్తోంది?

పడకగదిలో స్ప్లిట్ ఏసీ వేయగానే మొదటి పది నిమిషాలు తడి గోనెసంచి వాసన వస్తోంది. తర్వాత తగ్గుతుంది, లేదా మా ముక్కులే అలవాటు పడుతున్నాయేమో. టార్చి వేసి చూస్తే గాలిని బయటికి తోసే గుండ్రటి ఫ్యాను రెక్కల మీద నల్లటి చుక్కలు కనిపించాయి. సాలెగూళ్ల బూజు కాదు, చెమ్మకు పట్టే బూజు.

ఫిల్టర్లు రెండు వారాలకోసారి నేనే కడుగుతాను. రెండు నెలల క్రితం మెకానిక్ వచ్చి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాలు, వాటి చుట్టూ ఉండే పల్చటి రేకులు) కడిగి వెళ్లారు. ఫ్యాను విప్పలేదు, నీళ్లు చేరే ట్రే వైపు చూడనే లేదు. నెల తిరగకుండానే వాసన మళ్లీ మొదలైంది. మా అబ్బాయికి ఉబ్బసం ఉంది, అందుకే ఈ ఆరాటం.

ఫ్యాను, ట్రే విప్పించి కడిగించడమేనా, వేరే దారి ఉందా? బ్లీచింగ్ ద్రావణం చల్లమని ఒకరన్నారు. అది అల్యూమినియం రేకులను తినేస్తుందని, ఆ ఘాటు గదిలోకే వస్తుందని నా భయం. ఆపే ముందు అరగంట కూలింగ్ లేకుండా ఫ్యాను మాత్రమే నడిపితే కాయిల్ ఆరుతుందంటారు. అలా చేసి చూసినవారు ఉన్నారా? గదిలో తేమ 68 శాతం చూపిస్తోంది, 60 లోపు ఉండాలని చదివాను. ఇంతకీ తప్పు ఏసీదా, గదిదా?