ఐరన్ 883 పెట్రోలు ట్యాంకును ఇంటి దగ్గరే రెండు అంగుళాలు ఎత్తడం: ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న (కొండాపూర్, హైదరాబాద్)

నా దగ్గర 2016లో కొన్న హార్లీ డేవిడ్సన్ ఐరన్ 883 మోటారు సైకిలు ఉంది. దాని ట్యాంకు ముందు భాగాన్ని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ ఒకటి తెప్పించుకున్నాను. పెట్టెలో రెండు ఉక్కు పట్టీలు, నాలుగు బోల్టులు, కొన్ని వాషర్లు తప్ప ఎలా బిగించాలో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. వీడియోల్లో పది నిమిషాల పనిలా చూపిస్తున్నారు గానీ, పెట్రోలుతో వ్యవహారం కనుక అంత తేలిగ్గా తీసుకోవడానికి మనసొప్పడం లేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఈ పని మొదలుపెడదామని ఉంది. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది. దాన్ని తీసేయాలా, ఉంచి చేయవచ్చా అన్నది నా మొదటి సందేహం.

జవాబు (విజయవాడ, ఆటోనగర్)

నమస్కారమండి. సెల్లార్ అన్న మాట చదవగానే మిగతాదంతా పక్కన పెట్టి ముందు అది చెప్పాలనిపించింది. ఆ పని దయచేసి అక్కడ చేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోకుండా నేల మీదే పాకి, పల్లంలో ఆగుతుంది. సెల్లార్ అంటేనే పల్లం. అక్కడ జనరేటరు ఉంటుంది, నీళ్ల మోటారు స్టార్టరు ఉంటుంది, పైనుంచి ఎవరో స్విచ్ వేస్తే దానంతటదే నిప్పురవ్వ పుడుతుంది. గేటు బయట నీడపట్టున, తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు, ఇంజను పూర్తిగా చల్లారి ఉండగా చేసుకోండి.

పెట్రోలు సంగతికి వస్తే, మీ ట్యాంకు పన్నెండున్నర లీటర్లు పడుతుంది. నిండుగా ఉంటే పెట్రోలు బరువే తొమ్మిది కిలోలు దాటుతుంది. డబ్బాలోకి వంచడం కంటే బండి చేత తాగించడమే మేలు. రెండు రోజులు తిరిగి, పెట్రోలు తగ్గిందని చెప్పే దీపం వెలిగాక పని పెట్టుకోండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాల్లోకి తీయవద్దు. పెట్రోలు కోసమే చేసిన డబ్బాను నేల మీద ఆనించి పట్టండి.

మీది ఇంజెక్షన్ బండి, అంటే పంపు ఒత్తిడితో పెట్రోలును ఇంజనులోకి చిమ్మే రకం కనుక పంపు నుంచి వచ్చే గొట్టంలో దాదాపు 58 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి 58 పౌన్ల) ఒత్తిడి ఉంటుంది, ఇంజను ఆపినా అది వెంటనే పోదు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజను స్టార్టు చేసి, అది తనంతట తాను ఆగిపోయేదాకా తిరగనిచ్చి, ఆపైన మరో మూడు సెకన్లు స్టార్టరు నొక్కితే ఒత్తిడి దిగిపోతుంది. అప్పుడు తాళంచెవి తీసేసి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఈ వరుస తారుమారు చేసి, ముందు బ్యాటరీ విప్పేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లను చూశాను. ఇంత చేసినా గొట్టం ఊడదీసేటప్పుడు చెంచాడు పెట్రోలు కారుతుంది కాబట్టి కింద గుడ్డ పెట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకోండి. పొడి రసాయనం నింపిన మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. నీళ్ల బకెట్టు పనికిరాదు, పెట్రోలు నీటి మీద తేలుతూ మండుతుంది.

జవాబు (డాలస్, టెక్సాస్)

పై వారు సెల్లార్ గురించి చెప్పింది మాకూ వర్తిస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాసుతో నడిచే గీజరు గ్యారేజీలోనే ఉంటుంది, దాని చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని నేలకు పద్దెనిమిది అంగుళాల ఎత్తున పెట్టించడానికి కారణం పెట్రోలు ఆవిరే.

నేను ట్యాంకు ఎత్తింది కూడా స్పోర్ట్‌స్టరుకే, అంటే మీ ఐరన్ 883 చేరిన హార్లీ వరుసలోని బండికే. నన్ను ఇబ్బంది పెట్టినవి బోల్టులు కావు, వాటి చుట్టూ ఉన్నవి. ట్యాంకు లేచిన మేరకు పెట్రోలు గొట్టానికీ, పంపు తీగకూ పొడవు సరిపోవాలి. తీగెలా బిగుసుకున్న గొట్టం ఈ రోజు కారకపోయినా, అదురుకు పదిరోజుల్లో కారుతుంది. ట్యాంకుకు గాలి పీల్చే సన్నని గొట్టం నలిగితే లోపల గాలి చొరక, నడిచే బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లను తప్పనిసరిగా తిరిగి వేయాలి. కిట్ పట్టీకి అడ్డొస్తున్నాయని వాటిని తీసేస్తే, అదురంతా నేరుగా ట్యాంకు రేకు మీదికి పోయి అతుకు దగ్గర చీలిక మొదలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం హ్యాండిలు. ఇంజను నడుస్తుండగా, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిలును ఎడమ చివర నుంచి కుడి చివరదాకా మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఇంజను చప్పుడు దానంతటదే పెరిగిందంటే యాక్సిలరేటరు కేబులు లాగుడు పడుతోందన్నమాట. అలాంటి బండిని వీధి మలుపు దాకా కూడా తీసుకుపోకూడదు.

జవాబు (విశాఖపట్నం)

ఒక చిన్న మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. ట్యాంకు వంపు ఆ కోవలోకి వస్తుందని నేననుకోను, అయినా బీమా కంపెనీకి ముందుగానే ఒక ఉత్తరం రాసి జవాబు దాచుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. సెల్లార్ ఆలోచన మానుకుని, నిన్న ఉదయం ఆరింటికి గేటు బయట వేపచెట్టు కింద మొదలుపెట్టాను. గొట్టం, తీగ బాగానే అందాయి. హ్యాండిలు దగ్గరే తేడా వచ్చింది. పూర్తిగా ఎడమకు తిప్పితే క్లచ్ కేబులు, లేచిన ట్యాంకు ముక్కుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటోంది. వేలు పెట్టి చూస్తే కేబులు తొడుగు మీద అప్పటికే గోటి గీత అంత నొక్కు పడింది. కేబులును అవతలి వైపు నుంచి తిప్పి చూసినా కుదరలేదు. చివరికి రెండు అంగుళాల ఎత్తు ఇచ్చే పై రంధ్రం వదిలేసి, పట్టీకి ఉన్న కింది రంధ్రంలో, అంటే ఒక అంగుళం ఎత్తుకే బిగించాను. ఇప్పుడు రెండు వైపులా వేలు దూరేంత సందు ఉంది. ముప్ఫై కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ బోల్టులు చూస్తే వెనకది పావు చుట్టు వదులైంది. బిగించాను.