కిలోవాట్లు 9, కేవీఏ 14.4: మిగతాది ఎక్కడికి పోతోంది?

తాడిపత్రి బండ: మాది నాపరాళ్ల పాలిష్ యూనిట్. 20 హెచ్‌పీ మోటారు, రెండుసార్లు రీవైండింగ్ అయింది. 415 వోల్టుల దగ్గర ఫేజుకు 20 ఆంపియర్లు లాగుతోంది. మీటరులో 9 కిలోవాట్లు, 14.4 కేవీఏ అని కనిపిస్తోంది. బిల్లేమో కేవీఏహెచ్, అంటే కేవీఏ-గంటల లెక్కన వస్తుంది. ఆ మిగతా అయిదున్నర ఎవరు తింటున్నారు?

వైండింగ్ షాపు: ఎవరూ తినడం లేదండీ, వచ్చి వెళ్తోంది. కిలోవాట్లంటే నిజంగా పని చేసే పవర్, కేవీఏ అంటే లైను మోసే మొత్తం. మోటారుకు అయస్కాంత క్షేత్రం కావాలి. దానికోసం తీసుకున్న శక్తిని సెకనుకు వందసార్లు లైనుకే తిప్పి పంపుతుంది. అదే రియాక్టివ్ పవర్. మిల్లుకు వేరుశనక్కాయలు సంచుల్లో వస్తాయి, ఖాళీ సంచులు వెనక్కి పోతాయి. సంచి లేనిదే కాయ రాదు, అలాగని సంచిని గానుగలో వేయం. లారీలో మాత్రం దానికీ చోటు కావాలి.

ఫిజిక్స్ మేడం, అనంతపురం: పోలిక బాగుంది, కూడిక దగ్గర మోసం చేస్తుంది. 14.4లోంచి 9 తీసేస్తే కుదరదు. ఇది లంబకోణ త్రిభుజం: కర్ణం 14.4 కేవీఏ, ఒక భుజం 9 కిలోవాట్లు. వర్గాలు కట్టి చూస్తే రెండో భుజం, అంటే ఆ రియాక్టివ్ పవర్, 11.2 కేవీఏఆర్ (దాని కొలమానం) వస్తుంది. 9ని 14.4తో భాగిస్తే 0.63, మీ పవర్ ఫ్యాక్టర్. చాలా తక్కువ.

వైండింగ్ షాపు: పెద్ద మోటారును సగం లోడుతో నడిపితే అంతే. 8 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టించండి, ఆ వచ్చి వెళ్లేదాన్ని లైనుకు బదులు అదే ఇచ్చి పుచ్చుకుంటుంది. మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే కేవీఏఆర్‌ను మాత్రం దాటకూడదు, ముందు అది కొలిపించండి. స్టార్టరు తర్వాత కలిపితే మోటారుతో పాటే ఆగుతుంది. ఆపిన వెంటనే చేయి పెట్టకండి, లోపల చార్జి ఉంటుంది.

కడప కోడలు: ప్లగ్గులో పెడితే ఇంటి బిల్లు తగ్గుతుందని మా మామగారు ఒక పెట్టె కొన్నారు. విప్పితే లోపల చిన్న కెపాసిటరు, పచ్చ లైటు. పైసా తగ్గలేదు.

ఫిజిక్స్ మేడం, అనంతపురం: తగ్గదు. మీ బిల్లు కిలోవాట్ అవర్లది. సంచులకు డబ్బు కట్టనివారికి సంచులు తగ్గితే ఏం మిగులుతుంది? మామగారికి నెమ్మదిగా చెప్పండి.

తాడిపత్రి బండ: కొలిపించి, నిన్న 8 కేవీఏఆర్‌ది పెట్టించాను. మోటారు వైరుకు క్లాంప్ మీటరు తగిలిస్తే ఇప్పటికీ 20 ఆంపియర్లే! డబ్బు దండగేనా?

వైండింగ్ షాపు: మోటారుకు కావలసింది మారలేదు కదా, అక్కడ 20 ఉండాల్సిందే. ఇప్పుడు ఆ రాకపోకల్లో ఎక్కువ భాగం కెపాసిటరుకూ మోటారుకూ మధ్యే జరుగుతోంది. మీటరును స్టార్టరుకు ముందు, మెయిన్ వైపు తగిలించండి.

తాడిపత్రి బండ: చూశాను. 13.3.