పులావులో లవంగం ఒకసారి చేదు, ఒకసారి చప్ప: తేడా ఎక్కడ కొడుతోంది?

బెజవాడ_పోపులపెట్టె

వన్ టౌన్‌లో కొన్న 100 గ్రాముల లవంగాలు, రెండుసార్లూ అదే ప్యాకెట్టు. అరకిలో సోనా మసూరికి పది వేసి పులావు చేస్తే చేదు దిగింది. తర్వాతిసారి నాలుగే వేస్తే అసలు వేసినట్టే లేదు. లెక్కలో తప్పా, వేయించడంలోనా, సరుకే తేడానా? ఇంకో రెండు సందేహాలు. బియ్యం డబ్బాలో లవంగాలు వేస్తే పురుగు పట్టదంటారు, నిమ్మచెక్కకి గుచ్చి పెడితే దోమలు రావంటారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏదో చెప్పండి.

గుంటూరు_ఘాటు

ముందు సరుకు సంగతి తేల్చుకోండి. గ్లాసు నీళ్లలో పది లవంగాలు వేసి ఒకసారి కలిపి వదిలేయండి. మునిగినా మంచివే, తల పైకి పెట్టి నిలువుగా తేలినా మంచివే. అడ్డంగా పడుకుని తేలేవాటిలో నూనె పిండేసినట్టే లెక్క. నీళ్లు అందుబాటులో లేకపోతే మేకులాంటి భాగాన్ని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. గోరు మీద సన్నగా తడి మెరవాలి, ఆ వాసన చెయ్యి కడిగినా ఓ పట్టాన పోకూడదు. పొడిపొడిగా చిట్లిపోతే ఇరవై వేసినా దండగ.

తల రాలిన లవంగాన్ని మాత్రం పారేయకండి. ఆ గుండ్రటి తల విచ్చుకోని పూరేకులు, అంతే. నూనె తిత్తులు ఎక్కువగా ఉండేది కింది మేకులోనే.

ఇక లెక్క. అరకిలో బియ్యానికి మంచి లవంగాలు 5, మహా అయితే 6. కుక్కర్లో అయితే 4 చాలు, వాసన బయటికి పోయే దారి తక్కువ. పది వేస్తే నాలుక మొద్దుబారుతుంది. లవంగం నూనెలో ముఖ్యంగా ఉండే యూజెనాల్ చేసే పనే అది. మీరు చేదనుకున్నదాంట్లో కొంత ఆ మొద్దుతనమే అయ్యుంటుంది.

మిగతాది మాడు. నూనె, నెయ్యి కలిపి మధ్య మంట మీద కాగాక ఒక్క లవంగం వేసి చూడండి. చుట్టూ చిన్న బుడగలు నింపాదిగా లేవాలి. చిటపటమంటే ఎక్కువ కాగినట్టు, గిన్నె దించి ఓ నిమిషం ఆగండి. ముందు దాల్చిన చెక్క, పది సెకన్ల తర్వాత లవంగాలు, యాలకులు, చివర్లో షాజీరా, బిర్యానీ ఆకు. షాజీరా ముందే వేస్తే లవంగం వేగేలోపు అది మాడి కూర్చుంటుంది. లవంగం ఉబ్బి నున్నగా మెరవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. సరిగ్గా అప్పుడు ఉల్లిపాయలు పడాలి, వాటి తడికి నూనె వేడి దిగుతుంది. అప్పుడు కత్తిపీట ముందు కూర్చుంటే అంతే సంగతులు. లవంగాలు బొగ్గులా నల్లబడితే ఏరి పారేసినా లాభం లేదు, చేదు అప్పటికే నూనెలోకి దిగిపోయి ఉంటుంది. ఆ నూనె తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే.

నాలుగు వేసినప్పుడు చప్పగా ఎందుకుందంటే, పోపులో కాకుండా ఎసట్లో వేశారేమో చూసుకోండి. లవంగం వాసన నూనెలోకి దిగినంతగా నీళ్లలోకి దిగదు. టీలో వేసేటప్పుడు కచ్చాపచ్చాగా దంచమనేది అందుకే.

చిల్లరకొట్టు_లెక్కలు

పై సమాధానంలో కొనేటప్పటి జాగ్రత్తలు కొన్ని మిగిలాయి. విడిగా అమ్మే లవంగాల్లో పూగుత్తి పుల్లలు కలుస్తాయి. చూడ్డానికి అవీ గోధుమరంగే, కానీ తల ఉండదు, కణుపులుంటాయి, నూనె తక్కువ. గుప్పెడు తీసుకుని కాగితం మీద పరిస్తే తెలిసిపోతుంది. లవంగం మొదట ఇండోనేషియాలోని మలుకు దీవులది. మన దేశంలో తమిళనాడు, కేరళ, కర్ణాటక కొండల్లో పండుతుంది. కన్యాకుమారి లవంగానికి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది దొరికితే తీసుకోండి. ఏ ఊరిదైనా గోరు పరీక్ష మాత్రం మానకండి.

ఇద్దరు ముగ్గురుండే ఇంటికి ఒకేసారి 100 గ్రాములు ఎక్కువ. 25 గ్రాములంటేనే సుమారు 250 లవంగాలు వస్తాయి. బిగుతు మూత గాజు సీసాలో, పొయ్యికి దూరంగా పెడితే ఏడాది దాటినా బాగుంటాయి. పొయ్యి పైన అరలో పెట్టారా, ఆ వేడికి నూనె మెల్లగా ఎగిరిపోతుంది. పలచటి ప్లాస్టిక్ డబ్బా వద్దు, వాసన పట్టిందంటే ఆ డబ్బా ఇక లవంగాలకే అంకితం. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు సీసా బయటికి తీసిన వెంటనే మూత తీయకూడదు. బెజవాడ ఉక్కకి లోపల చెమట పట్టి, బూజు రావచ్చు.

పొడి మాత్రం తక్కువ కొట్టుకోండి. కూర మసాలాకి 100 గ్రాముల ధనియాలకి దాల్చిన చెక్క 10, లవంగాలు 5, యాలకులు 5 గ్రాములు సరిపోతాయి. ధనియాలు విడిగా దోరగా వేయించి, స్టవ్ ఆపేశాక ఆ వేడి మూకుట్లోనే లవంగాలు వేసి కలిపితే చాలు. పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టాలి. రెండు నెలల్లో వాడేయాలి. నూరిన లవంగం ఒకటి, అలాగే వేసిన లవంగాలు మూడింటి పెట్టు. మాంసం కూరలో అల్లం వెల్లుల్లి ముద్దలో నూరి, పోపులో వేసి, దించేముందు మళ్లీ గరం మసాలా చల్లితే మూడుసార్లు వేసినట్టు. చేదు అక్కడ కూడా పుడుతుంది.

కృష్ణలంక_వంటిల్లు

బియ్యం సంగతి. ముక్కు పురుగు గుడ్డు పెట్టేది గింజ లోపల. లవంగం వాసనకి కొత్త పురుగు కాస్త వెనకాడుతుందేమో గానీ లోపలున్న గుడ్డు చావదు. అందుకే పురుగు పట్టాక వేసి ప్రయోజనం లేదు. పైగా ఆ వాసన బియ్యానికి పట్టి పెరుగన్నంలో లవంగం తగిలితే ఎవరూ మెచ్చుకోరు. 25 కిలోల బస్తాకి వేపాకు నీడన గలగలలాడేలా ఎండబెట్టి, పలచటి గుడ్డలో మూటకట్టి అడుగున, మధ్యన, పైన పెట్టండి. ఎండు మిరపకాయలు వేసేవాళ్లూ ఉన్నారు. తడి చెయ్యి పెట్టకపోవడం వీటన్నిటికంటే ముఖ్యం.

పంచదార డబ్బాలో నాలుగైదు లవంగాలు వేసుకోవచ్చు. చీమల రాక తగ్గుతుంది, పాయసానికి ఆ వాసన ఇబ్బంది కాదు.

నిమ్మచెక్క బల్ల మీద చూడ్డానికి బాగుంటుంది. దోమలకి అది చాలదు. గుచ్చిన లవంగం నుంచి గాల్లోకి వచ్చే నూనె బహు తక్కువ, అందులో ఫ్యాను తిరిగే గది. డెంగీ రోజుల్లో దాన్ని నమ్ముకోకండి, దోమతెర కట్టుకోండి.

అడగకపోయినా ఒకటి. పంటి నొప్పికి లవంగం పుక్కిట పెట్టుకుంటే కాసేపు తగ్గుతుంది, పన్ను బాగుపడదు. నూనె అయితే చుక్క కంటే ఎక్కువ వద్దు, అదీ అర చెంచా కొబ్బరినూనెలో కలిపి దూదితో పంటికే, చిగురుకి తగిలితే కాలుతుంది. చంటిపిల్లలకి అస్సలు వాడకూడదు, ఆ సీసా వాళ్లకి అందకూడదు. కొద్దిగా మింగినా కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

బెజవాడ_పోపులపెట్టె

నీళ్ల పరీక్ష చేశా. పదిలో మూడు పడుకున్నాయి, ఏడు నిలబడ్డాయి. అంటే కల్తీ కలిసిందా? ఇంకో మాట, తినేటప్పుడు పంటికింద లవంగం పడకుండా ఏం చేయాలి?

గుంటూరు_ఘాటు

మూడు పడుకుంటే కలిపి ఉండొచ్చు, పాత సరుకైనా కావచ్చు. పడుకున్నవాటికి గోరు పరీక్ష చేసి, ఎండినవి ఏరేయండి. మిగిలినవాటితో అరకిలోకి 6 వేసి చూడండి.

పంటికింద పడకూడదంటే లెక్కపెట్టి వేసి, దమ్ము తీశాక లెక్కపెట్టి ఏరడమే. పులావులో అవి చాలావరకు పైకే తేలి ఉంటాయి, గరిటె పెట్టకముందే తీయాలి. కుర్మా, పాయా లాంటి పులుసు కూరలకైతే చిన్న ఉల్లిపాయ పొట్టు తీసి, లవంగాల మేకు భాగం లోపలికి గుచ్చి, తలలు మాత్రం బయటికి ఉంచి, ఆ ఉల్లిపాయని నూనెలో ఓసారి దొర్లించి కూరలో వేయండి. దించేముందు ఉల్లిపాయ తీసేస్తే లవంగాలన్నీ దాంతోపాటే వచ్చేస్తాయి.