గుర్రం వాళ్ళకు చైనాలో కూడా ఇంటిపేరు వాళ్ళున్నారా?

ఓరుగల్లు పోరడు:
మాది గుర్రం వాళ్ళ ఇల్లు, పరకాల దగ్గర. బడిలో నన్ను చూసి "చల్ చల్" అననివాడు లేడు. మొన్న ఆఫీసు వీడియో కాల్‌లో చైనా ఆయన ఒకరు నా ఇంటిపేరుకు అర్థం అడిగితే చెప్పాను, ఆయన పకపకా నవ్వి తనదీ అదే అన్నాడు, "మా" అంటే గుర్రమేనట. పాత లిపిలో రాసి కెమెరా ముందు పెట్టాడు: పైన జూలులాగా అడ్డగీతలు, కింద నాలుగు చుక్కలు, అవి కాళ్ళు. వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు కదా. ఈ "మా" ఇంటిపేరు వాళ్ళలో పేరుమోసినవాళ్ళు ఎవరెవరు? నాకు అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా ఒక్కడే తెలుసు. అందరిదీ ఒకే వంశమేనా?

కాజీపేట జంక్షన్:
పాతకాలం నుంచి మొదలుపెడదాం తమ్ముడూ. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఝావో రాజ్యపు సేనాధిపతి ఝావో షె, చిన్ రాజ్యపు సైన్యాన్ని ఓడిస్తే రాజు "మాఫు ప్రభువు" అని బిరుదిచ్చాడు, తర్వాతి తరాలు అందులో "మా" ఒక్కటే ఉంచుకున్నాయని చెప్తారు. నాకు ఇష్టమైనవాడు మాత్రం హాన్ రాజవంశపు సేనాధిపతి మా యువాన్. క్రీ.శ. 42-43లో వియత్నాం వైపు ట్రుంగ్ అక్కాచెల్లెళ్ళ తిరుగుబాటును అణిచాడు (మనకు సమ్మక్క సారలమ్మ ఎట్లనో వాళ్ళకు ఆ అక్కాచెల్లెళ్ళు అట్ల, ఇప్పటికీ గుళ్ళున్నాయి, కాబట్టి అక్కడ ఈయన పేరు ఎత్తకు). ఆయనకు గుర్రాలంటే పిచ్చి. అక్కడ దొరికిన కంచు డోళ్ళు కరిగించి, మంచి గుర్రం ఎట్లుండాలో చూపడానికి ఒక కంచు గుర్రం పోయించాడు. మగాడు యుద్ధంలో చచ్చి, శవమై గుర్రపు తోలులో చుట్టుకొని ఇంటికి రావాలన్నది కూడా ఆయన మాటే. చివరికి 49లో దండయాత్రలోనే జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత జరిగిందే అన్యాయం: అంతకుముందు ఆయన వియత్నాం నుంచి బండిలో తెచ్చుకున్న మందు గింజలను పట్టుకొని, అవి ముత్యాలని దర్బారులో చాడీలు చెప్పారు. రాజు నమ్మేశాడు, ఇంటివాళ్ళు సొంత శ్మశానంలో పూడ్చడానికి కూడా భయపడ్డారు.

హన్మకొండ పంతులు:
ఒకే వంశం కాదు. చైనా ముస్లింలలో "మా" చాలా ఎక్కువ, ముహమ్మద్ పేరులో మొదటి శబ్దానికి దగ్గరగా ఉందని పెట్టుకున్నారంటారు. వాళ్ళకూ గుర్రానికీ ఏ సంబంధమూ లేదు. ఓడల నాయకుడు జెంగ్ హే ఉన్నాడే, ఆయన పుట్టినప్పుడు మా హే, యునాన్ ముస్లిం, 1404లో చక్రవర్తి జెంగ్ అనే ఇంటిపేరు ఇచ్చాడు. 1405 నుంచి 1433 దాకా ఏడుసార్లు సముద్రయానం చేసి కాలికట్ దాకా వచ్చాడు. ఆయనతో వచ్చిన దుబాసీ మా హువాన్ కూడా ముస్లిమే, కొచ్చిలో మిరియాల బేరాలు ఎట్ల జరిగేవో రాసిపెట్టాడు.

మూడో పోరడు:
అన్నా, టెన్సెంట్ అనే చైనా ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన మా హువాటెంగ్‌ను ఇంగ్లీషులో "పోనీ" అని పిలుస్తారు, ఇంటిపేరు మీద జోకే అది. అంటే చల్ చల్ గోల నీకొక్కడికే కాదు. చెల్లో వాయించే యో-యో మా కూడా ఈ ఇంటివాడే, పుట్టింది పారిస్‌లో, 1955. ఇంకో మా యువాన్ ఉన్నాడు, సాంగ్ కాలం చిత్రకారుడు, తెలుగులో రాస్తే ఒకటే, చైనా లిపిలో రెండో అక్షరం వేరు. బొమ్మంతా ఒక మూలకే వేసి మిగతాది ఖాళీగా వదిలేసేవాడు, అందుకే "ఒక మూల మా" అనేవాళ్ళు.

కాజీపేట జంక్షన్:
ఇంకొకటి మర్చిపోయాను, టాంగ్ కాలం చట్టంలో ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకుంటే శిక్ష ఉండేది.

ఓరుగల్లు పోరడు:
అందరికీ థ్యాంక్స్. మా నాన్నకు చదివి వినిపించాను. గింజల బండి దగ్గర "అయ్యో పాపం" అన్నాడు, పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం "అయితే నీకు చైనా సంబంధం చూసేటప్పుడు ఆ 'మా' వాళ్ళను తీసెయ్యాలి" అని మళ్ళీ టీవీ పెట్టుకున్నాడు.