ఆగుంబెలో తొట్టి మీద తెల్ల నురగ: కొమ్మ పక్కకి కట్టేశాను, తప్పు చేశానా?

తడిసిన గొడుగు:
మొన్న శని, ఆదివారాలు బెంగళూరు నుంచి కర్ణాటక పశ్చిమ కనుమల్లో ఉన్న ఆగుంబె వెళ్లాం. వాన ఒక్క గంట తెరిపివ్వలేదు. హోమ్‌స్టే పెరట్లో బట్టలుతికే తొట్టి ఉంది. దాని మీదికి వంగిన కొమ్మకి పిడికిలంత తెల్ల నురగ ముద్ద, రెండు మూడు ఆకుల్ని దగ్గరికి లాక్కుని అంటుకుంది. అచ్చం గిలక్కొట్టిన తెల్లసొన. ఏదో పురుగు గూడు, నీళ్లలో పడుతుందేమోనని కొమ్మని లాగి తాడుతో పక్క స్తంభానికి కట్టేశాను. రాత్రి టార్చి వేస్తే అదే చెట్టు మీద పచ్చటి కప్ప, వేళ్ల మధ్య ఎర్రటి పొర! అనుమానం వచ్చింది గానీ ఆ వానలో విప్పడానికి బద్ధకించాను. పొద్దున్నే వచ్చేశాం. ఆ రెండింటికీ సంబంధం ఉందా?

బురదకాళ్లు:
ఉందండీ. ఆ పచ్చ కప్ప మలబార్ గ్లైడింగ్ ఫ్రాగ్. పశ్చిమ కనుమల్లో తప్ప ఎక్కడా ఉండదు. ఆ ఎర్ర పొరలు చాపుకుని 30 అడుగుల పైగా గాల్లో తేలుతూ దిగుతుంది. నురగ దాని గూడే. ఒంట్లోంచి వచ్చే జిగురుని వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి అందులో గుడ్లు పెడుతుంది. గుడ్లు ఎండిపోవు. తోకకప్పలు బయటపడ్డాక జారి కింద నీళ్లలో పడాలి. మీరు కట్టిన చోట కింద ఏముంది? గచ్చేనా? వెంటనే ఫోన్ చేసి విప్పించండి. దోమల క్రీమ్ పూసుకున్న చేత్తో మాత్రం ఆ నురగనీ, కప్పనీ ముట్టుకోవద్దనండి, కప్పల చర్మం అలాంటి మందుల్ని పీల్చేసుకుంటుంది.

కోనసీమ కుర్రాడు:
మా ఇంట్లో బాత్రూం గోడకి అతుక్కునే గోధుమరంగు కప్ప కూడా ఇలాగే నురగ పెడుతుంది. నాన్న సబ్బు నురగనుకుని చీపురుతో కడిగేశారు 😔

బురదకాళ్లు:
అది చెట్టుకప్పే, దీనికి దూరపు చుట్టం. ఆగుంబె వైపు పొదకప్పల సంగతి ఇంకా వింత. వాటికి తోకకప్ప దశే లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. స్కూలు పుస్తకంలో కప్ప జీవితచక్రం బొమ్మ వేసి మార్కులు కొట్టేసిన వాళ్లం, ఏం చెప్తాం!

తడిసిన గొడుగు:
కింద గచ్చేనండీ. టెన్షన్ పడుతూ హోమ్‌స్టే ఆవిడకి ఫోన్ చేసి, నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో చెప్పాను. ఆవిడ ఒకటే నవ్వు. మా కారు గేటు దాటకముందే విప్పేశారట. ఏటా వానాకాలంలో ఆ తొట్టిలో బట్టలే ఉతకరట.