పాము కోసం ఇంట్లో ఎలుకల పెంపకం: ఎన్నింటితో మొదలుపెట్టాలి?

ప్రశ్న, ఉప్పల్ నుంచి:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏడాదిన్నర వయసున్న బాల్ పైథాన్ ఉంది. బరువు 700 గ్రాములు. ఇన్నాళ్లూ దుకాణంలో బతికున్న ఎలుకలు కొని తెచ్చి పెడుతున్నాను. ఒక వారం దొరుకుతాయి, మరో వారం దొరకవు. పోయిన నెల తెచ్చిన ఎలుక ఆగకుండా తుమ్ముతూనే ఉంది, కళ్ల చుట్టూ ఎర్రటి తడి. రక్తమేమోనని భయపడి పాముకు పెట్టలేదు. ఇక ఇంట్లోనే పెంచుదామని నిర్ణయించుకుని ఆరు టబ్బులు కొన్నాను. ఒక మగ, ఐదు ఆడ ఎలుకలతో మొదలుపెట్టాలని ఆలోచన. మాది మూడో అంతస్తు ఫ్లాటు, పడమటి బాల్కనీలో చోటుంది. వాసన వస్తుందని అమ్మ ఇప్పటికే గొడవ. చిట్టెలుకలు మేలా, పెద్ద ఎలుకలా? మేత ఏమి పెట్టాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు, మల్కాజిగిరి నుంచి:

తమ్ముడూ, ఎలుకలు తెచ్చే ముందు కాగితం, కలం తీసుకోండి. ఎనిమిదేళ్లుగా పెంచుతున్నాను. ఎలుకలు పిల్లలు పెట్టడం లేదని బాధపడినవారిని నేను చూడలేదు. పిల్లలు ఎక్కువై, వాటిని సరిగ్గా చూసుకోలేక చేతులెత్తేసినవారినే చూశాను.

700 గ్రాముల పాముకు పది, పన్నెండు రోజులకు ఒకసారి 50 నుంచి 70 గ్రాముల ఎలుక సరిపోతుంది. అంటే ఏడాదికి సుమారు 30. ఒక ఈతలో ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు పుడతాయి, పది అనుకుందాం. మీ ఐదు ఆడ ఎలుకలు ఒక్కసారి ఈనితే 50 పిల్లలు. మగదాన్ని వాటితోనే ఉంచితే ఈనిన 24 గంటల్లోపే మళ్లీ చూలు కట్టగలవు. మరో మూడు వారాలకు ఇంకో 50. మీ ఆరు టబ్బులు అప్పటికే చాలవు.

మీకు కావలసింది ఒక మగ, రెండు ఆడ. అంతే. అక్టోబరులో ఒక ఆడదాని దగ్గర మగదాన్ని పది రోజులు ఉంచండి. ఆడ ఎలుక నాలుగైదు రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది కాబట్టి పది రోజులు చాలు. తరువాత మగదాన్ని వేరు చేయండి. చూలు 21 నుంచి 23 రోజులు. నవంబరు మొదట్లో పిల్లలు పుడతాయి, నెల చివరికి పాలు మరుస్తాయి. ఆ వయసుకే అటూ ఇటుగా మీకు కావలసిన బరువుకు వస్తాయి, అప్పుడే చంపి ఫ్రీజరులో దాచుకోవాలి. జనవరిలో రెండు ఆడవాటినీ కలపండి. ఫిబ్రవరి ఆఖరుకు మరో 20 సిద్ధం. నవంబరువి మార్చి దాకా వస్తాయి, ఫిబ్రవరివి మళ్లీ అక్టోబరు దాకా. మొత్తం మూడు ఈతలు. ఫ్రీజరులో ఒక్కసారిగా ఉండే బరువు కిలోన్నర లోపే.

నేను ఇంత గట్టిగా నెలలు లెక్కపెట్టి చెప్పడానికి కారణం మన ఎండలు. ఎలుకకు 20 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 దాటితే కష్టం. దానికి మనలా చెమట పట్టదు, ఒంట్లోని వేడి పోవడానికి తోక ఒక ముఖ్యమైన దారి. నేను పెంచడం మొదలుపెట్టిన రెండో ఏడు, మే నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. ఇంటికి వచ్చి చూస్తే తల్లి ఎలుక పిల్లల్ని వదిలి టబ్బు మూలకు పోయి, పొట్ట నేలకు ఆనించి బల్లిలా పరుచుకుని ఉంది. గడ్డం కింద వెంట్రుకలు లాలాజలంతో తడిసి ముద్దయ్యాయి. ఒళ్లు చల్లబరచుకోవడానికి అది చేయగలిగిన ఆఖరి ప్రయత్నం అదే. తడిగుడ్డలో చుట్టి ఎంత చూసినా నిలవలేదు. పిల్లలూ దక్కలేదు. ఆ రోజు నుంచి మార్చి దాటితే మా ఇంట్లో ఈతలు లేవు. ఉన్న రెండు మూడు పెద్దవాటినీ లోపలి గదిలో గచ్చుమీద ఉంచుతాను. బోర్లించిన పాత మట్టికుండ పెంకు ఒకటి లోపల పెడితే అవే దాని కిందికి దూరతాయి. ఎయిర్ కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి, తేమ పెరిగి ఊక ముక్కిపోతుంది.

పడమటి బాల్కనీ ఆలోచన మాత్రం పూర్తిగా మానేయండి.

ఎర్రటి తడి రక్తం కాదు. ఒత్తిడి, జబ్బు ఉన్నప్పుడు ఎలుక కంటి గ్రంథుల నుంచి వచ్చే రంగు అది. తుమ్ములు కూడా ఉన్నాయంటే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. మీరు దాన్ని పాముకు పెట్టకపోవడం మంచిదైంది.

జవాబు, బోడుప్పల్ నుంచి:

ఇంత శ్రమ ఎందుకండీ? మా వీధిలో బోను పెడితే రాత్రికి రెండు పడతాయి.

జవాబు, తార్నాక నుంచి (పశువైద్యుడిని):

దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. వీధి ఎలుక అప్పటికే ఎక్కడో బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిని ఉండవచ్చు. ఆ మందు రక్తం గడ్డకట్టనివ్వదు, తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి తిరుగుతుంది. దాన్ని మింగిన పాము కడుపులోకీ ఆ విషం చేరుతుంది. పైగా బోను కడిగే మీకు ఎలుక మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు భయం, అదీ ఈ వానల్లో.

పెంచిన ఎలుకను చంపడం గురించి ఎవరూ అడగలేదు, కానీ అసలు బాధ్యత అక్కడే ఉంది. బతికున్నదాన్ని ఫ్రీజరులో పెట్టడం హింస. కార్బన్ డయాక్సైడ్‌ను పెట్టెలోకి కొద్దికొద్దిగా వదిలి స్పృహ తప్పించే పద్ధతి ఉంది, కానీ దానికి సరైన సిలిండరు, వాయువును కొలిచి వదిలే మీటరు, గాలి ఆడే చోటు కావాలి. ముందుగా ఒకసారి పశువైద్యుడి దగ్గర చూసి నేర్చుకోండి. శ్వాస, గుండె రెండూ ఆగాయని నిర్ధారించుకున్నాకే తరువాతి పని. పుట్టిన కొద్ది రోజుల పిల్లలు ఆ వాయువుకు చాలాసేపు తట్టుకుని బాధపడతాయి. పాలు మరిచే దాకా పెంచమని పైన అక్క చెప్పిన పద్ధతి అందుకే నాకు నచ్చింది.

ప్రశ్న అడిగినవారు, ఉప్పల్ నుంచి:

అక్కా, డాక్టరు గారూ, చాలా కృతజ్ఞతలు. నాలుగు టబ్బులు తిరిగి ఇచ్చేస్తున్నాను. వాసన, మేత సంగతి చెప్పండి. ఇంకొకటి, మా పాము చచ్చిన ఎలుకను తింటుందా?

జవాబు, మల్కాజిగిరి నుంచి:

వాసన విషయంలో పెద్ద ఎలుకలే నయం. మగ చిట్టెలుక మూత్రం వాసన ఫ్లాటులో దాగదు. పైగా బాల్ పైథాన్ చిట్టెలుకలకు అలవాటు పడితే, పెద్దయ్యాక ఎలుకలకు మార్చడానికి నెలలు పడుతుంది. అడుగున రంపపు పొట్టు వేయకండి, దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. కోళ్ల ఫారాలకు వేసే వరి ఊక తెచ్చి, జల్లించి, ఒక పూట ఎండబెట్టి రెండంగుళాల మందాన వేయండి. పైన చించిన కాగితం ముక్కలు వేస్తే తల్లి వాటితోనే గూడు కట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు మార్చాలి. మూత తీయగానే ముక్కు ఘాటెక్కిందంటే అది అమ్మోనియా. మనకు తెలిసేసరికే ఆ కింద ఉన్నవాటి ఊపిరితిత్తులు దెబ్బతింటుంటాయి.

మేతకు ప్రయోగశాల ఎలుకల గుళికలు దొరికితే అంతకన్నా మంచిది లేదు. దొరకకపోతే జొన్నలు, సజ్జలు, గోధుమలు కలిపి, నాణ్యమైన కుక్కల మేత కొద్దిగా చేర్చండి. పాలిచ్చే తల్లికి రెండు రోజులకొకసారి ఉడికిన గుడ్డు ముక్క. పొద్దుతిరుగుడు గింజలు ఇష్టంగా తింటాయి కానీ కొవ్వు పెరుగుతుంది. నీటి సీసా మూతి దగ్గరి గుండును రోజూ పొద్దున వేలితో నొక్కి చూడండి. అది ఇరుక్కుంటే తల్లికి నీళ్లుండవు, కారితే గూడు తడిసి పిల్లలు చలికి పోతాయి. నీళ్లు లేని తల్లి, పదేపదే కదిలించిన తల్లి తన పిల్లల్నే తినేస్తుంది. మొదటి మూడు రోజులు గూటిలో చేయి పెట్టకండి. చూడాలనిపిస్తే కాగితాలు మెల్లగా పక్కకు జరపండి. గులాబీ రంగు చర్మం లోంచి పిల్లల పొట్టలో తెల్లటి పాలచారిక కనబడుతుంది. అది కనబడితే అంతా బాగున్నట్టే, మూసేసి వచ్చేయండి.

చచ్చిన ఎలుకను తింటుంది, ఓపిక కావాలి. ముందురోజు రాత్రి ఫ్రీజరు నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్నాడు సాయంత్రం సంచితో సహా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తల దగ్గర 38 డిగ్రీల దాకా వెచ్చబెట్టండి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపల ఉడికిపోతుంది. బాల్ పైథాన్‌కు పెదవుల మీది గుంటలతో వేడి తెలుస్తుంది, తల వెచ్చగా ఉండటం అందుకే ముఖ్యం. పొడవాటి పటకారుతో పట్టుకుని మెల్లగా కదిలించండి. మొదటి రెండుసార్లు ముఖం తిప్పుకున్నా కంగారుపడి బతికున్నదాన్ని వదలకండి. మూలకు తోస్తే ఎలుక ఎదురుతిరిగి కరుస్తుంది. వీపు మీద ఎముక కనబడేలా కొరికిన గాయాలతో ఉన్న పామును చూశాను.

జవాబు, కూకట్‌పల్లి నుంచి:

నాది కార్న్ స్నేక్. నాకూ ఇదే లెక్కా?

జవాబు, మల్కాజిగిరి నుంచి:

మీకు చిట్టెలుకలు చాలు. చూలు 19 నుంచి 21 రోజులు, ఆరో వారానికే పిల్లలు ఈడుకు వస్తాయి. నాలుగో వారంలోనే మగ, ఆడ వేరు చేయకపోతే లెక్క తప్పుతుంది. ఒక్క పాముకైతే గడ్డకట్టినవి కొనుక్కోవడమే మేలని నా మాట.

జవాబు, తార్నాక నుంచి:

ఇంకో మాట. ఉప్పల్ తమ్ముడూ, మీ పాము నమోదైందా? బాల్ పైథాన్ సైటీస్ (అడవి జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొన్న రసీదు దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు, ఉప్పల్ నుంచి:

నమోదు కాలేదండీ, ఈ వారమే చూస్తాను. అమ్మ లోపలి చిన్న గది ఇస్తానంది, ఊక తానే జల్లిస్తానని కూడా అంది. నిన్న అక్కడ థర్మామీటరు పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి 31 చూపించింది.

జవాబు, మల్కాజిగిరి నుంచి:

అయితే ఇప్పుడు తేకండి. దసరా వెళ్లనివ్వండి. ఈలోగా ఆ గది లెక్క రోజూ మూడింటికి రాసి పెట్టండి, వరుసగా పది రోజులు 28 దాటకపోతే చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న రెండు ఆడ ఎలుకల్ని నేనే ఇస్తాను. మగదాన్ని మాత్రం వేరేచోట తెచ్చుకోండి, అన్నాచెల్లెళ్లు కాకూడదు.